ఊపిరి జంట

ఆ నాలుగు పంక్తులూ తనకే ఇస్తారని టేపక్క నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. అనకపోయినా ఇంట్లో గిన్నెలకి తెలుసు, షాపులో కుట్టుమిషనుకి తెలుసు, మొగుడికైతే ఎప్పుడో తెలుసు. నెలరోజులుగా ఆవిడ గిన్నెలు కడుగుతూ అవే పాడుతోంది, చొక్కాలకి కాజాలు కుడుతూ అవే పాడుతోంది. లిఫ్టులు బాగుచేసే ఆ మొగుడు పాపం స్క్రూడ్రైవర్ తిప్పుతూ తనకి తెలియకుండానే అదే కూనిరాగం తీస్తున్నాడట. ఆయన పనిచేసేచోట అందరూ నవ్వుకుంటున్నారు.

టేపక్క అసలు పేరు బృందంలో ఎవరికీ గుర్తులేదు. పదకొండేళ్ళ కిందట మొదటిరోజు టైలరింగ్ షాపు నుంచి నేరుగా ప్రాక్టీసుకి వస్తూ, మెడలో కొలతల టేపు తీయడం మర్చిపోయింది. ఎవరో టేపక్క అన్నారు, అదే అతుక్కుపోయింది. ఇప్పటికీ వారంలో ఒక్కరోజైనా టేపుతోనే వస్తుంది కాబట్టి పేరు పాతబడే అవకాశమూ లేదు.

బృందం అంటే పెద్ద ఘనమైనదేం కాదు. లైబ్రరీ మేడమీద పత్రికల గది. సాయంత్రం ఆరింటికి పాఠకులు లేచి వెళ్ళగానే ఇరవైఆరుమంది వచ్చి కుర్చీలు లాక్కుని కూర్చుంటారు. మందుల షాపాయన, ఇద్దరు నర్సులు, రిటైరైన లెక్కల టీచరమ్మ, బస్సు కండక్టరు, ఇలాంటివాళ్ళు. ఒక్కరికీ సంగీతం అన్నం పెట్టదు. మాస్టారికీ అంతే. పగలంతా తూకం యంత్రాలు సరిచేయడం ఆయన ఉద్యోగం, మంగళ, శుక్రవారాలు సాయంత్రం వీళ్ళ గొంతులు సరిచేస్తారు. రెండింటిలో ఏది కష్టం అని అడిగితే, "యంత్రాలకి రోషం ఉండదమ్మా" అంటారు.

టేపక్కకి స్వరాలు చదవడం రాదు. చెవితోనే నేర్చుకుంటుంది. మాస్టారు పాడినదాన్ని ఫోనులో రికార్డు చేసుకుని, షాపులో మిషను తొక్కుతూ వంద సార్లు వింటుంది. పాట కాగితం మీద తన గుర్తులు తనకున్నాయి. సాగదీయాల్సినచోట కుట్టుచుక్కలు, ఆపాల్సినచోట కత్తిరింపు గీత, గొంతు కుదించాల్సినచోట కుచ్చిళ్ళ గుర్తు. లెక్క మాత్రం వేళ్ళమీదే. బొటనవేలితో మిగతా వేళ్ళని ఒక్కొక్కటిగా తాకుతూ లెక్కపెట్టుకోవడం పదకొండేళ్ళుగా ఆవిడకి అలవాటు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పుచోట నోరు తెరవలేదు. అలాగని ఒక్కసారి కూడా ఒంటరిగా నోరు తెరిచే అవకాశం రాలేదు. రెండో గొంతు వాళ్ళకి సోలోలు రావడం అరుదు. పై గొంతు వాళ్ళు పాట పాడుతుంటే కింద గోడలా నిలబడటమే వీళ్ళ పని.

మాస్టారి పద్ధతుల్లో ఒకటి ఊపిరి జంట. పక్కపక్కన నిలబడే ఇద్దరూ ఒక జంట. ఇద్దరూ ఒకేసారి ఊపిరి తీసుకోకూడదు. ఒకరు పీలుస్తున్నప్పుడు రెండోవాళ్ళు పాడుతుండాలి. అప్పుడు వినేవాళ్ళకి పొడుగాటి స్వరం ఎక్కడా తెగకుండా వినిపిస్తుంది. ఇది టేపక్కకి మహా ఇష్టం. అతుకు కనపడకుండా కుట్టడం తన వృత్తి కదా. ఆవిడ ఊపిరి ముందు వరుసలో వాళ్ళకి కూడా వినపడదు. పక్కనున్న జంటకి మాత్రమే, అదీ చెవి ఒగ్గితేనే.

ఆ జంటలోకి ఆర్నెల్ల కిందట వచ్చింది చిన్నకోడలు, అంటే టేపక్క మరిది భార్య. తనంతట తాను రాలేదు. తీసుకొచ్చింది టేపక్కే. మరిదికి ఈ ఊరు బదిలీ అయి పైవాటాలో దిగారు. ఆ అమ్మాయి కళ్ళద్దాల షాపులో పనికి చేరింది. అయిదింటికల్లా ఇంటికొచ్చి, పలకరించే దిక్కులేక కిటికీ దగ్గర కూర్చునేది. అత్తగారు చూడలేకపోయారు. "పాపం, ఒక్కతే బిక్కుబిక్కుమంటోందే. నీ పాటల దగ్గరికి తీసుకెళ్ళకూడదూ?" అన్నారు. టేపక్క మంచి మనసుతోనే తీసుకెళ్ళింది. పక్కన నిలబెట్టుకుంది. తన కాగితం చూపించి గుర్తులన్నీ నేర్పింది. నోరెలా తెరవాలో, పొట్టతో ఊపిరెలా పట్టాలో, కండక్టరు వేసే జోకులకి ఎప్పుడు నవ్వాలో కూడా నేర్పింది. ఇప్పుడు తల్చుకుంటే తన నోటిమీద తానే కొట్టుకోవాలనిపిస్తోంది.

లైబ్రరీకి యాభైఏళ్ళు నిండిన సందర్భంగా టౌన్‌హాల్లో సభ. దానికోసం మాస్టారు కొత్తపాట కట్టారు. వాన వెలిశాక వీధి ఎలా ఉంటుందనేదే పాట. మధ్యలో అందరూ పెదవులు మూసి పదహారు లెక్కలు హమ్మింగ్ చేస్తారు. ఆ తర్వాత రెండు లెక్కలు ఏ చప్పుడూ ఉండదు. అప్పుడు ఒకే ఒక్క గొంతు:

తలుపు తీసి చూడు, వాన వెలిసింది
తడిసిన వీధంతా వెలుగు పరిచింది
నిన్నటి మాటలు నీటిలో కలిశాయి
నువ్వొచ్చే దారికి నిద్ర చెదిరింది

"ఇది రెండో గొంతు పాడాలి. కిందనుంచి రావాలి ఈ నాలుగు పంక్తులూ" అన్నారు మాస్టారు. టేపక్క ఆ రోజే పాట ఫోనులో ఎక్కించుకుంది. రెండో గొంతులో పదకొండేళ్ళుగా ఉన్నది తనొక్కతే. మిగిలినవాళ్ళంతా నిన్నా మొన్నా వచ్చినవాళ్ళు. నెల తిరిగాక మాస్టారు ఒక్కొక్కరిచేత పాడించారు. టేపక్క పాడింది, ఎక్కడా తప్పులేదు. "బాగుందమ్మా" అన్నారు. తర్వాత చిన్నకోడలు పాడింది. ఆ అమ్మాయి పాడినంతసేపూ గట్టిగా కళ్ళు మూసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. పాట అయ్యాక మాస్టారు లేచి కిటికీ తలుపు మూసొచ్చి, "ఇంకోసారి" అన్నారు.

అక్కడే తెలిసిపోయింది టేపక్కకి. బాగుందనడం వేరు, ఇంకోసారి అనడం వేరు.

ఆ రోజు ఇంటికి నడుస్తుంటే చిన్నకోడలు, "నాకెందుకక్కా ఇవన్నీ, నాకు భయం. నువ్వు పాడతానని చెప్పు, నేను తప్పుకుంటా" అంది. టేపక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. భిక్షం వేస్తోందా ఇది? "ఛఛ, నీకొచ్చింది నువ్వే పాడాలి. నాకేంటి, పదకొండేళ్ళ నుంచి పాడుతూనే ఉన్నాగా" అని నవ్వింది. ఆ నవ్వు ఇంటిదాకా ముఖంమీద అలాగే ఉంచడానికి దవడలు నొప్పెట్టాయి.

ఇంట్లో ఇక చెప్పక్కర్లేదు. మరిది ఆఫీసంతా చాటింపు వేశాడు. అత్తగారు పైవాటా మెట్లు ఎక్కలేనని ఆర్నెల్లుగా అంటున్న మనిషి, రెండు మెట్లకోసారి ఆగుతూ ఎక్కి చిన్నకోడలిచేత పాడించుకుని వచ్చారు. దిగొచ్చి, "ఏం గొంతే దానిది! నువ్వు కూడా పాడతావుగానీ..." అని అక్కడితో ఆపారు. అత్తగారికి చెడ్డ ఉద్దేశం లేదు. ఆ 'గానీ' తర్వాత చెప్పడానికి ఆవిడకేమీ దొరకలేదు, అంతే. టేపక్క ఆ 'గానీ'ని పట్టుకుని వారంరోజులు నమిలింది.

ఈర్ష్య అంటే పెద్ద పెద్ద కుట్రలు పన్నడం అనుకుంటారు జనం. అలా ఉండదది. ఉతికిన బట్టలు ఆరేస్తుంటే పైనుంచి ఆ నాలుగు పంక్తులు వినిపిస్తే, క్లిప్పు కొంచెం గట్టిగా పెట్టడం. చిన్నకోడలికి జలుబు చేసిందని తెలిసి, "అయ్యో" అనడానికి ముందు ఒక్క క్షణం ప్రాణం లేచిరావడం. మర్నాటికి తగ్గిపోయిందంటే ముఖం మాడిపోవడం. టేపక్క చెడ్డ మనిషి కాదు. తనలో ఇంత పొగ ఉందని ఇన్నేళ్ళూ ఆవిడకే తెలియదు.

అన్నిటికన్నా ఎక్కువ మండించింది మాస్టారి మాట ఒకటి. ఆయన చెయ్యి ఆడించి చెబుతారు ఎవరెప్పుడు మొదలుపెట్టాలో. చిన్నకోడలు కళ్ళు మూసుకునే పాడుతుంది, ఆయన చెయ్యి చూడదు. అయినా ప్రతిసారీ ఆ రెండు ఖాళీ లెక్కల తర్వాత సరిగ్గా సూదిలో దారం ఎక్కించినట్టు మొదలుపెడుతుంది. "చూశారా! లెక్క రక్తంలోనే ఉండాలి. వేళ్ళమీద లెక్కపెడితే వచ్చేది కాదది" అన్నారు మాస్టారు ఒకరోజు. ఎవర్నీ ఉద్దేశించి అనలేదు. టేపక్క బొటనవేలు మాత్రం చూపుడువేలి మీద అలాగే ఆగిపోయింది.

సభకి పదిరోజులుందనగా అందరికీ నీలం బట్టలు కుట్టే పని టేపక్క మీద పడింది. చిన్నకోడలు కొలతలకి షాపుకొచ్చింది. అద్దం ముందు నిలబెట్టి, నోట్లో గుండుసూదులు పెట్టుకుని, భుజం దగ్గర మడత సరిచేస్తూ, టేపక్క ఎన్నాళ్ళనుంచో కడుపులో ఉన్నది అడిగేసింది.

"అది కాదే, కళ్ళు మూసుకుని లెక్క ఎలా పెడతావ్?"

"లెక్కా? నాకు లెక్కెక్కడొచ్చక్కా! బస్సులో చిల్లర లెక్కపెట్టమంటేనే తడబడతా."

"మరి సరిగ్గా అక్కడే ఎలా మొదలెడతావ్?"

చిన్నకోడలు అద్దంలోంచి ఆశ్చర్యంగా చూసింది. "నువ్వు ఊపిరి తీసుకుంటావు కదక్కా. నాకోసం. అది వినపడగానే నేనూ తీసుకుని మొదలెడతా. ఎంత నెమ్మదిగా తీసుకుంటావో! చెవి అక్కడే పెట్టుకుని ఉంటా."

టేపక్క నోట్లో గుండుసూదులుండటం మంచిదైంది. లేకపోతే నోరు తెరుచుకునే ఉండేది.

ఎందుకంటే అక్కడ టేపక్క ఊపిరి తీసుకోవాల్సిన అవసరమే లేదు. ఆవిడ పాడాల్సింది సోలో అయ్యాకే. ఆవిడ తీసుకుంటున్నది చిన్నకోడలి కోసం అంతకన్నా కాదు. ఆ నాలుగు పంక్తులూ తను పాడబోతున్నట్టు, ప్రతి ప్రాక్టీసులోనూ లోలోపల తానే మొదలుపెడుతోంది. వేళ్ళమీద ఒకటి, రెండు అనుకుని, గుండెనిండా గాలి పీల్చుకుని, నోరు మాత్రం తెరవకుండా లోపలే పాడుతోంది. పెదవి దాటని ఆ పాటకి తీసుకున్న ఊపిరిని పక్కనున్నది దొంగచాటుగా వాడుకుంటోంది. దొంగచాటుగా కూడా కాదు, అక్క ప్రేమతో ఇస్తోందనుకుని వాడుకుంటోంది.

అంటే రక్తంలో ఉన్న లెక్క తనది. వేళ్ళమీది లెక్క. మాస్టారు మెచ్చుకున్నది తననే.

ఆ మాట మాస్టారితో చెప్పొచ్చు. నలుగురిలో నవ్వుతూ అనొచ్చు. టేపక్క చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పుడు తనకీ తెలియదు. చిన్నకోడలు వెళ్ళాక ఆ నీలం గుడ్డ బల్లమీద పరిచి, మెడ దగ్గర అరంగుళం బిగించి కత్తిరిస్తే పాడేటప్పుడు ఎలా ఉంటుందో అనుకుంది. కత్తెర చేతిలోకి తీసుకుంది. కొలతకి కొలత సరిగ్గా కత్తిరించింది. ముప్ఫైఏళ్ళ పనిలో కత్తెరతో అబద్ధం చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేకపోయింది. అందుకు తనను తానే మెచ్చుకుంది కూడా.

సభ ఆదివారం నాలుగింటికి. టౌన్‌హాలు నిండిపోయింది. ముందువరుసలో మరిది, పక్కనే అత్తగారు, ఆ పక్కన టేపక్క మొగుడు. ఉపన్యాసాలన్నీ అయ్యాక ఇరవైఆరు నీలం బట్టలూ మెట్లమీద నిలబడ్డాయి. చిన్నకోడలి చేతులు చల్లగా ఉన్నాయి. "అక్కా, నువ్వు పక్కనున్నావు కాబట్టి సరిపోయింది" అంది చెవిలో. అని కళ్ళు మూసుకుంది.

పాట మొదలైంది. బాగానే నడిచింది. హమ్మింగ్ వచ్చింది. పదమూడో లెక్క దగ్గర చిన్నకోడలు ఆగిపోవాలి, సోలోకి సిద్ధం కావాలి. చివరి నాలుగు లెక్కలూ టేపక్కే లాగాలి, ఊపిరి మొత్తం అయిపోయేదాకా. లాగింది. పదిహేను, పదహారు. అందరూ ఆగారు. హాలంతా నిశ్శబ్దం.

బొటనవేలు చూపుడువేలిని తాకింది. ఒకటి. మధ్యవేలిని తాకింది. రెండు.

మాస్టారి చెయ్యి కిందికి దిగింది. టేపక్క ఊపిరి తీసుకోలేదు.

ముందుగా అనుకుని చేసింది కాదు. అలాగని పొరపాటూ కాదు. ఆ క్షణంలో ఒక్కటే తట్టింది: నాదేమీ లేదు కదా ఇక్కడ, నేనెందుకు తీసుకోవాలి? గొంతు దగ్గర తలుపు వేసి గొళ్ళెం పెట్టుకున్నట్టు బిగించింది. మూడు. నాలుగు. చిన్నకోడలు కదల్లేదు. కళ్ళు తెరవలేదు. పక్కన ఆ అమ్మాయి ఒళ్ళంతా చెవి అయిపోయి వింటోందని టేపక్కకి చర్మానికి తెలిసింది. అయిదు. మాస్టారి చెయ్యి గాలిలో ఆగిపోయింది, ముఖం పాలిపోయింది. ఆరు. ముందువరుసలో అత్తగారు చీరకొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. ఏడు. ఇప్పుడు మొదలెట్టు చూద్దాం, అనుకుంది టేపక్క. నీ రక్తంలో ఉందిగా!

హమ్మింగ్ చివరిదాకా లాగిన గుండెల్లో గాలి ఒక్క చుక్క లేదు. కళ్ళముందు చుక్కలు కనిపించాయి. ఎనిమిదో లెక్క దగ్గర ముక్కు దానంతటదే పీల్చేసింది. మనసు మెత్తబడి కాదు. జాలిపడీ కాదు. మనిషన్నాక గాలి కావాలి, అంతే.

ఆ చప్పుడుకి పక్కన చిన్నకోడలు ఊపిరి పీల్చింది. తలుపు తీసి చూడు, అంది.

హాల్లో ఏమైందో చెప్పడం కష్టం. ఎనిమిది లెక్కల నిశ్శబ్దానికి జనం దగ్గడం మానేశారు, కాళ్ళు కదపడం మానేశారు, ఏదో జరగబోతోందని మునివేళ్ళమీద ఉన్నారు. అప్పుడు ఆ గొంతు వచ్చింది. నిజంగానే ఎవరో తలుపు తీసినట్టే ఉంది. నాలుగో పంక్తి అయ్యేసరికి మందుల షాపాయన కళ్ళు తుడుచుకుంటూ తన చోట పాడటం మర్చిపోయాడు. పాట అయిపోయాక చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

తెర వెనక అందరూ చిన్నకోడలి చుట్టూ మూగారు. మాస్టారైతే ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుని, "ఆ ఆగడం... ఆ ఆగడం ఎక్కడ నేర్చుకున్నావమ్మా? ముందు నా ప్రాణాలు పోయాయి. తర్వాత తెలిసింది, పాటంతా అక్కడే ఉంది" అన్నారు.

"సరిగ్గా ఎనిమిది. నేను లెక్కపెట్టాను" అంది లెక్కల టీచరమ్మ.

"నేను కాదు మాస్టారూ, అక్క" అంది చిన్నకోడలు.

అందరూ నవ్వారు. ఎంత వినయమో చూశారా అన్నారు. కండక్టరైతే, "ఇంట్లో తోడికోడళ్ళంటే ఇలా ఉండాలి!" అని పెద్దగా ప్రకటించాడు. టేపక్కకి భూమి చీలితే బాగుండుననిపించింది.

ఇంటికెళ్తూ చిన్నకోడలు టేపక్క చెయ్యి పట్టుకుంది. "ఒక్క క్షణం మర్చిపోయావేమో అనుకున్నాక్కా. చచ్చాననుకున్నా. అక్క ఎందుకు మర్చిపోతుంది, ఏదో ఉండే ఉంటుంది అనుకుని ఆగా. జనం సద్దుమణగాలనే కదా అంతసేపు ఆగావు?"

"ఆఁ" అంది టేపక్క.

చెప్పుతో కొట్టినా అంత బాధ ఉండేది కాదు. చెడగొడదామని చేసింది వెళ్ళి దాని నెత్తిమీద కిరీటమై కూర్చుంది. తన ఏడుపు తనకి మిగిలింది, మెప్పు మళ్ళీ దానికే పోయింది. పైగా తనని దేవతని చేసి మాట్లాడుతోంది. సిగ్గు ఎక్కువో, కుళ్ళు ఎక్కువో తేల్చుకోలేక ఆ రోజు టేపక్క అన్నం కలిపి వదిలేసింది.

అక్కడితో అయిపోయినా బాగుండేది. మంగళవారం ప్రాక్టీసులో మాస్టారు కాగితాలు బయటికి తీయమన్నారు. "పక్క ఊరి లైబ్రరీ వాళ్ళు మనల్ని పిలిచారు. ఇకనుంచి ఎప్పుడు పాడినా ఆ చోట ఎనిమిది లెక్కలు ఆగుదాం. అందరూ రాసుకోండి" అన్నారు.

చుట్టూ పెన్సిళ్ళు కదిలాయి. టేపక్క పెన్సిలు కదల్లేదు. సాగదీయడానికి గుర్తుంది, ఆపడానికి గుర్తుంది. దీనికేం గుర్తు పెట్టాలి? పక్కనుంచి చిన్నకోడలు తల వంచి ఆవిడ కాగితంలోకి చూసింది. గుర్తులన్నీ అక్కడినుంచి ఎక్కించుకోవడమే ఆ అమ్మాయికి మొదటినుంచీ అలవాటు.

"ఇక్కడ ఏం గుర్తు పెట్టాలక్కా?"

టేపక్క కాగితం మడిచేసి, తలనొప్పి అని చెప్పి లేచొచ్చేసింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనం విరామంలో చిన్నకోడలు షాపుకొచ్చింది. తలనొప్పి తగ్గిందా అని, మాత్రలు తెచ్చింది. టేపక్క బల్లమీద గుడ్డకి సుద్దతో గీతలు గీస్తోంది. తలెత్తకుండానే చెప్పింది.

"జనం సద్దుమణగాలని కాదే."

"ఏది?"

"ఆ రోజు. నేను కావాలనే బిగబట్టా. నువ్వు మొదలెట్టకూడదని. అందరి ముందూ నువ్వు తెల్లముఖం వేయాలని."

చిన్నకోడలు నవ్వబోయి ఆగింది.

"అంతకుముందు తీసుకున్నది కూడా నీకోసం కాదు. ఆ పాట నాకు రావాలనుకున్నా. రాలేదు. లోపల నేనే పాడుకునేదాన్ని. ఆ ఊపిరి అందుకు. నీకు పనికొస్తోందని నువ్వు చెప్పేదాకా నాకు తెలియదు. తెలిశాక..." టేపక్క సుద్దముక్క కింద పెట్టింది. "తెలిశాక ఆపేశా. చివరికి ఎందుకు తీసుకున్నానంటావా? ఊపిరాడక. నీమీద ప్రేమతో కాదు."

రోడ్డుమీద ఎవరో హారన్ కొట్టుకుంటూ పోయారు. చిన్నకోడలు మాత్రలు బల్లమీద పెట్టింది. "నేనేం చేశానక్కా నిన్ను?" అని మాత్రం అడిగింది. టేపక్క సుద్దముక్క మళ్ళీ చేతిలోకి తీసుకుంది. బాగా పాడావు, అని ఎలా చెబుతుంది? ఆ అమ్మాయి వెళ్ళిపోయింది.

రెండురోజులు పైవాటాలోంచి పాట వినిపించలేదు. "దానికి గొంతు బాగాలేదా ఏమిటే?" అని అత్తగారు నాలుగుసార్లు అడిగారు. నిజం చెప్పాలంటే, మొదటిరోజు ఆ నిశ్శబ్దం టేపక్కకి హాయిగానే ఉంది. రెండోరోజుకి బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ ఆగి, పైకి చూసింది.

శుక్రవారం ప్రాక్టీసుకి చిన్నకోడలు ముందే వచ్చి వరుసకి ఆ చివర, లెక్కల టీచరమ్మ పక్కన నిలబడింది. ఎవరూ అడగలేదు, అందరూ చూశారు. టేపక్క పక్కన ఖాళీ. హమ్మింగ్‌లో పదో లెక్క దగ్గర టేపక్క ఊపిరి తీసుకోవాల్సి వస్తే స్వరం పుటుక్కున తెగింది. పదకొండేళ్ళలో ఆవిడ వైపునుంచి వచ్చిన మొదటి తెగుడు అదే. మాస్టారు తల తిప్పి చూశారు.

హమ్మింగ్ ఆగింది. చిన్నకోడలు కళ్ళు తెరుచుకుని ఉంది. మాస్టారి చేతినే చూస్తోంది. వెనక్కి కట్టుకున్న చేతుల్లో బొటనవేలు ఒక్కో వేలినీ తాకుతోంది. టేపక్క చూసింది. అచ్చం తనలాగే. ఎనిమిది లెక్కలూ తప్పకుండా లెక్కపెట్టి ఆ అమ్మాయి పాడింది. ఎక్కడా తప్పులేదు.

"బాగుందమ్మా" అన్నారు మాస్టారు.

ఆ మాట ఎలాంటిదో ఆ గదిలో టేపక్క ఒక్కదానికే తెలుసు. మాస్టారు గడ్డం గోక్కున్నారు. "లెక్క సరిపోయింది. అదే ఎనిమిది. మరి ఆ రోజున్నది ఏమైంది?"

"అది నాది కాదని ఆరోజే చెప్పాను మాస్టారూ" అంది చిన్నకోడలు. "ఆవిడది." అక్క అనలేదు. ఆవిడ అంది.

మాస్టారు ఇద్దరినీ చూశారు. ఆయనకి ఎంత అర్థమైందో తెలియదు. తూకాలు సరిచేసే మనిషి, ఎటువైపు ఎంత బరువుందో మాటల్లేకుండా పసిగట్టడం ఆయన పనే. "ఎవరిదైతే నాకేంటమ్మా. ఎవరి పక్కనుంటే వస్తుందో వాళ్ళ పక్కన నిలబడు. కోపాలు కింద చెప్పుల దగ్గర వదిలి రండి. పాట చెడకూడదు."

చిన్నకోడలు కదలడానికి చాలాసేపు పట్టింది. తర్వాత వరుస వెనకనుంచి నడిచొచ్చి తన పాతచోట నిలబడింది. పూర్తిగా పాతచోట కాదు, ఒక జానెడు ఎడంగా. టేపక్క వైపు చూడలేదు.

మళ్ళీ మొదలుపెట్టారు. హమ్మింగ్‌లో ఒకరు తీసుకున్నప్పుడు ఇంకొకరు నిలబెట్టారు. ఎక్కడా తెగలేదు. పద్నాలుగు, పదిహేను, పదహారు. అందరూ ఆగారు.

బొటనవేలు కదిలింది. ఒకటి, రెండు, మూడు. టేపక్కకి భయం పట్టుకుంది. తీసుకుంటే, చేసిందంతా చేసి ఇప్పుడు దయ చూపిస్తున్నట్టు ఉంటుంది. తీసుకోకపోతే మళ్ళీ అదే. ఆరు, ఏడు. వేళ్ళు లెక్క మర్చిపోయాయి. ఎనిమిది దాటిందో లేదో కూడా తెలియలేదు. గుండె ఖాళీ అయిపోయింది, గొంతు బిగుసుకుపోయింది. ఈసారి కావాలని కాదు.

పక్కన చిన్నకోడలు కళ్ళు మూసుకునే ఉంది. పెదవులు కదిలాయో లేదో తెలియనంతగా, ఆ జానెడు దూరంలో ఒక్కరికే వినపడేటట్టు అంది.

"తీసుకో అక్కా."

టేపక్క తీసుకుంది. ఇద్దరూ కలిసి తీసుకున్నారు. ఆ వెంటనే పక్కనుంచి పాట మొదలైంది, ఎప్పటిలాగే, తనకన్నా బాగా.